మూడు కాళ్ళంటే మూడే!

ఇప్పుడే ఆటోనగర్ నుంచి స్టాండు వచ్చింది. గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు (పనిముక్కలను పెట్టి కొలతలు చూసే సమతలమైన రాతి పలక) కోసం, ఎత్తు సవరించుకునే స్క్రూలతో, మూడు చోట్ల మాత్రమే ఆనేటట్లు చేయమని డ్రాయింగు గీసి ఇచ్చాను. పక్కన ఎర్ర ఇంకుతో 'మూడే' అని రాశాను కూడా. వచ్చింది నాలుగు కాళ్ళ స్టాండు. "మూడైతే పడిపోతుంది సార్. మీ మంచికే నాలుగోది వేశాను, దానికి డబ్బులు కూడా వద్దు" అన్నారు మేస్త్రి గారు. ఎంత ఉదారత!

ముక్కాలిపీట ఊగడం ఎవరైనా చూశారా? నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళూ ఆనుతాయి. నాలుగోది చేరిందా, ఏదో ఒకటి గాలిలో ఉంటుంది. అదీ ఆనాలని స్పానరు పట్టి బిగిస్తే రాయి మెలిపడుతుంది. అవును, రాయే! 1000 బై 630, మందం 150 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 280 కిలోలు. అయినా వంగుతుంది, మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో. మేము కొలిచేదే మైక్రాన్లలో కదా, కొంప మునగడానికి అది చాలదా? తయారీలో ఏ మూడు బిందువుల మీద ఆనించి ఆ రాయిని సమతలం చేస్తారో, వాడేటప్పుడూ వాటి మీదే ఆనాలి. మూలన బరువు పెడితే ఒరుగుతుందేమోనన్న భయానికి మందు డ్రాయింగులోనే ఉంది. మూలల కింద, రాయికి తగలకుండా కాస్త దిగువన, రెండు రక్షణ దిమ్మెలు. వాటినేమో 'అనవసరం' అని మానేశారు!

1.5 మిల్లీమీటర్ల పిచ్ (మరల మధ్య ఎడం) ఉన్న 20 ఎంఎం బోల్టులు అడిగితే బజారులో దొరికే 2.5 పిచ్ బోల్టులు బిగించారు. ఒక్క చుట్టుకు రాయి అంత లేస్తే లెవెల్ బుడగ నిలుస్తుందా? బోల్టు సడలకుండా పట్టి ఉంచే చెక్ నట్లు లేవు. అడగని చక్రాలు మాత్రం ఉన్నాయి. సాయంత్రం పూట ప్లేటును బీచ్ రోడ్డుకు షికారు తిప్పాలి కాబోలు. రంగు మాత్రం ముచ్చటగా వేశారు, కాదనను.

ఇదంతా చూసిన పక్క షెడ్డు పెద్దాయన "వంటగది గట్టు రాయికి ఇంత హంగామా ఎందుకు నాయనా?" అన్నారు. చీమకుర్తి రాయి దేశదేశాలకు వెళ్తోంది, మనకు మాత్రం గ్రానైట్ అంటే వంటగది గట్టు, గుమ్మం, సమాధి. మెరిసే ప్రతి రాయీ సమతలం కాదు మహానుభావా! పోత ఇనుము ప్లేటు కొనవచ్చు కదా అని ఇంకొకరి సలహా. విశాఖ ఉప్పుగాలిలో, తుప్పుకు విందు పెట్టడానికా? పైగా ఇనుముకు దెబ్బ తగిలితే ఆ చోట అంచు పైకి లేస్తుంది. గ్రానైట్ అయితే పెచ్చు ఊడుతుంది అంతే, చుట్టూ ఉన్న తలం చెడదు.

సరే, మేస్త్రి గారిని అని ఏం లాభం? ఆయన కనీసం చెప్పిన రోజుకు తెచ్చారు. అసలు ఈ ప్లేటూ స్టాండూ ఎవరి కోసం? మా దగ్గర బుష్‌లు (యంత్రాల్లో ఇరుసుల చుట్టూ తొడిగే గొట్టాలు) చేయించుకునే పెద్ద కంపెనీ వారి కోసం. వాళ్ళ తనిఖీ కుర్రాడు వచ్చి, కొలతల గది 20 డిగ్రీల దగ్గర ఉందా అని మే నెలలో అడుగుతాడు. అయిదు మైక్రాన్లు ఎక్కువ వస్తే పెట్టె పెట్టె అంతా వెనక్కి పంపుతాడు. పంపనివ్వండి, అది అతని ఉద్యోగం. మరి మా బిల్లు సంగతి? చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నుంచి చట్టం ఉంది. వాళ్ళ అకౌంట్స్ విభాగానికి ఫోను చేస్తే "ఫైలు పైన ఉంది" అంటారు. ఆ పైన ఉన్నవారెవరో ఏనాడూ కిందికి దిగరు. సరుకుకు టాలరెన్సు, అంటే ఒప్పుకునే తేడా, మైక్రాన్లలో, డబ్బుకు నెలల్లో!

ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలని కూడా అదే చట్టంలో ఉంది. ఒకసారి అడిగి చూడండి, మరుసటి ఆర్డరు ఎవరి షెడ్డుకు వెళ్తుందో!