ఎడమ వైపు హంస

పదవీ విరమణ చేసిన మగవాడికి ఇంట్లో ఉండే హోదా ఫ్రిజ్ మీద పెట్టిన పూలకుండీది. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, తలుపు తీసినప్పుడల్లా ఎక్కడ మీద పడుతుందోనని అందరికీ భయం. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టి ఇంటికొచ్చిన నేను, మూడో నెలకే వంటింట్లో పప్పుల డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "లెక్కపెట్టకుండా ఉండలేకపోతే బయటికి వెళ్లి ఏవైనా లెక్కపెట్టుకోండి" అంది మా ఆవిడ.

అలా నేను పక్షుల్లో పడ్డాను.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి సంగతి తెలుసుకుని బైనాక్యులర్లు పంపాడు. పెట్టె మీద 8×42 అని ఉంది. 42 చూసి, నా బనియను సైజు వీడికి ఇంకా గుర్తుందే అని ముందు మురిసిపోయాను. వస్తువును ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందున్న అద్దం అడ్డకొలత 42 మిల్లీమీటర్లనీ తర్వాత తెలిసింది. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను లోపలికి మడవాలన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. వారం రోజులు మా డాబా మీద నుంచి ఏ దిక్కు చూసినా నాకు రెండు సొరంగాలు, వాటి అంచున తాటిచెట్లు కనిపించాయి. ఆ తాటిచెట్లు నా కనురెప్పల వెంట్రుకలే.

మా కాలనీలో ఒక పళ్ల డాక్టరు గారున్నారు. ఆదివారాలు తెల్లవారుజామున పదిమందిని వెంటబెట్టుకుని చెరువుల మీదికి వెళుతుంటారు. దసరా ముందు ఆదివారం అమీన్‌పూర్ చెరువుకు వెళుతున్నాం, రమ్మన్నారు. హైదరాబాద్ శివార్లలోని ఈ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న గుర్తింపు దక్కింది. నగర పరిధిలోని జలాశయానికి అలాంటి గౌరవం దక్కడం దేశంలో అదే మొదటిసారట. మట్టిరంగు బట్టలు వేసుకోవాలనీ, మాట్లాడితే గుసగుసగానే మాట్లాడాలనీ షరతులు పెట్టారు.

మట్టిరంగుది నా దగ్గర ఒకటే ఉంది, బ్యాంకులో మేనేజరైనప్పుడు కుట్టించుకున్న సఫారీ సూటు. ఊపిరి బిగపట్టి గుండీలు పెట్టాను. గుసగుసకు మించి మాట్లాడే అవకాశం అదే లేకుండా చేసింది. మా ఆవిడ చిలకపచ్చ చీర కట్టుకుని బయలుదేరింది. అదేమిటని అడిగితే, "చెట్లలో కలిసిపోవద్దూ?" అంది. పైగా పులిహోర డబ్బా. అరగంట ఆలస్యమైతే ఆకలికి ఆగలేని మనిషినని నా మీద నమ్మకం.

గట్టు మీద అందరం వరుసగా నిలబడ్డాం. మంచు ఇంకా విడలేదు. డాక్టరు గారు కళ్ల దగ్గరి నుంచి అద్దాలు తీయకుండానే "పదకొండు గంటలకు తెడ్డుమూతి కొంగ" అన్నారు. గడియారం చూసుకున్నాను. ఆరున్నర. ఒక్క కొంగ కోసం నాలుగున్నర గంటలు నిలబడాలా, పులిహోర ఇప్పుడే తినేయాలా అని లోపల లెక్కలు వేస్తుంటే, మా జట్టులోని ఆరో తరగతి పాప నా మోచేయి పట్టి లాగింది. "తాతయ్యా, ఎదురుగా ఉన్నది పన్నెండు గంటలు అనుకోవాలి. దానికి కాస్త ఎడమకు చూడండి" అంది.

ఆ పాప చేతిలో పుస్తకం లేదు. అన్నీ తలలోనే ఉన్నాయి. నా దగ్గర ఉన్నవి రెండే రకాలు. తెల్లగా ఉంటే కొంగ, నల్లగా ఉంటే కాకి. నేను కాకి అన్నది నీటికాకి అయింది. పోనీ, సగం మార్కులు. ముణిగి ఎక్కడో తేలిన బుడుబుంగను బాతుపిల్ల అన్నాను. పాప ఏమీ అనలేదు, నిట్టూర్చింది. బ్యాంకుకు వచ్చిన ఆడిటరు ముందు కూడా నేనంత చిన్నబోలేదు.

డాక్టరు గారు మాత్రం పన్ను పీకే ముందు ధైర్యం చెప్పే గొంతుతో అన్నీ వివరించారు. నిజాం రాజ్యమంతటా పక్షుల సర్వే చేయడానికి సాలిం అలీ 1931లో ఇక్కడికి వచ్చిన సంగతి చెప్పారు. వలస పక్షులన్నీ ఒకే బస్సులో దిగవట. నీటి ఒడ్డున తోక ఊపుతూ తిరిగే చిన్న పిట్టలూ, ఉల్లంకి పిట్టలూ వానాకాలం చివరికే వచ్చేస్తాయి. పెద్ద బాతులు నింపాదిగా చలికాలానికి చేరుకుంటాయి. టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే పట్టెతల బాతులు ఆ చివరి బాపతు.

"మన పాతవాళ్లు హంస అన్నది దాన్నే అయి ఉండొచ్చని కొందరి అభిప్రాయం" అన్నారాయన. "క్యాలెండర్లలో కనిపించే ఆ పొడుగు మెడ తెల్ల హంస మన వైపు రాదు."

ఈ మాట నాకు గుచ్చుకుంది. నలుడి రాయబారం నడిపింది, పాలను నీళ్లను వేరు చేసింది, మా పెళ్లినాటి పట్టుచీర అంచున ఇప్పటికీ నడుస్తున్నది ఒక బాతా? పైగా ఇప్పట్లో రాదా? ఆ పాప దగ్గర పోయిన పరువు తిరిగి రావాలంటే నాకు హంస కనపడాల్సిందే అనిపించింది.

అంతగా కోరుకుంటే కనపడకుండా ఉంటుందా! కుడివైపు గుర్రపుడెక్క మధ్యన, మసక మంచులో, తెల్లగా, మెడ వంపు తిప్పుకుని, నారింజ రంగు ముక్కుతో కూర్చుని ఉంది. మెడ చుట్టూ బంగారు పట్టె. పట్టె తలకు బదులు మెడకు ఉంటే ఏమైంది, పట్టె ఉందా లేదా? అయిదు నిమిషాలు చూశాను. కదలలేదు. ధ్యానంలో ఉందనుకున్నాను. హంస కదా, పరమహంసల్లో కలిసే జాతి.

"హంస! రెండు గంటలకు హంస!" అని అరిచాను. అరుపుతో పాటు సఫారీ సూటు రెండో గుండీ కూడా ఎగిరి చెరువులో పడింది.

పదకొండు జతల బైనాక్యులర్లు ఒక్కసారిగా అటు తిరిగాయి. ఎవరూ మాట్లాడలేదు. ఆశ్చర్యంతో నోట మాట రావడం లేదనుకుని నేను పొంగిపోయాను. అప్పుడు పాప మెల్లగా అంది, "తాతయ్యా, దాని మెడకు చమ్కీలున్నాయి."

సరిగ్గా అదే సమయానికి ఒక నీటికాకి ఎగిరొచ్చి హంస తల మీద వాలి, రెక్కలు చాచి ఆరబెట్టుకోసాగింది. హంస అభ్యంతరం చెప్పలేదు. గాలి వీచింది. హంస నెమ్మదిగా గుండ్రంగా తిరిగింది. వెనుక వైపు బల్లపరుపుగా కోసి ఉంది. దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు, 'ఎడమ వైపు'.

జట్టు నవ్వింది. గుసగుస నియమం ఉంది కాబట్టి శబ్దం రాకుండా, భుజాలతో నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ చేతిరాత నాకు తెలుసు. వినాయక చవితికి మా కాలనీ మండపంలో స్వామికి అటూ ఇటూ నిలబెట్టిన థర్మోకోల్ హంసల్లో అదొకటి. కోశాధికారిని నేను. 'జత హంసలు, 1,800 రూపాయలు' అన్న బిల్లు మీద గంటసేపు బేరమాడి, చివరికి సంతకం పెట్టింది నేను. చెరువు పాడవకూడదని మట్టి విగ్రహం పెట్టిస్తూ మైకులో పది నిమిషాలు ఉపన్యసించింది కూడా, మీరు ఊహించినట్టే, నేనే. మట్టి విగ్రహం బుద్ధిగా కరిగిపోయింది. లారీలో దాని వెనుక పడి ఉన్న హంస కరగలేదు.

ఎవరూ పోల్చుకోకముందే సాక్ష్యాన్ని బయటికి లాగేయాలనిపించింది. అంతా పులిహోర చుట్టూ చేరగానే ఒక ఎండుకర్ర సంపాదించి గట్టు దిగాను. గడ్డి ఉన్నచోటల్లా నేల ఉంటుందని నమ్మడం నేను చేసిన తప్పు. కుడికాలు మోకాలి దాకా దిగింది. దాన్ని పైకి లాగితే పాదం వచ్చింది, చెప్పు రాలేదు. ఇంతలో పక్క బీడులోంచి ఒక తీతువు పిట్ట లేచి నా నెత్తిమీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. తీతువు అరిస్తే అశుభమని మా నాయనమ్మ అంటుండేది. ఆ ఉదయం అశుభం నేనే కాబట్టి అది నా గురించి మిగిలినవాళ్లకు చెబుతోంది. నీలి బొల్లికోళ్లు గడ్డిలోకి దూరాయి. కొంగలు లేచాయి. ఇంకా లెక్కపెట్టడం పూర్తికాని బాతుల గుంపు మొత్తం ఒక్క ఊపున లేచి, చెరువు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అవతలి గట్టుకు వెళ్లిపోయింది. డాక్టరు గారు చేతిలో పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు.

ఆ బురదలో బోర్లా పడి, లేవడానికి హంస మెడనే ఆసరాగా పట్టుకుని ఉండగా గట్టు మీద నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏమండీ, ఇటు చూడండి, పాలపిట్ట!"

కరెంటు తీగ మీద కూర్చుని ఉందట. దసరా నాడు చూస్తే చాలు ఏడాదంతా శుభమని జనం జమ్మి దగ్గర మెడలు సాచి వెతుకుతారే, అదే పిట్ట. పంజరంలో బంధించి తెచ్చి, చూపించినందుకు డబ్బు అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఇక్కడ ఊరికే, స్వేచ్ఛగా, మా ఆవిడ చిలకపచ్చ చీరకు అస్సలు బెదరకుండా పది నిమిషాలు కూర్చుందట. ఎగిరినప్పుడు రెక్కల్లో నీలం రెండు రంగుల్లో మెరిసిందట. అంతా 'అట'యే. నా కళ్లజోడు నిండా బురద.

తిరిగి వెళ్లేటప్పుడు డాక్టరు గారు జాబితా చదివారు, ఇరవై మూడు రకాలు. పాప తన నోటుపుస్తకంలో వేరేగా రాసుకుంది. తొంగి చూశాను. 'పాలపిట్ట 1, అమ్మమ్మ చూసింది' అని ఉంది. దాని కింద గుండ్రటి అక్షరాలతో 'హంస 1 (ఎడమ వైపు)'.

హంసను చెరువులో వదలబుద్ధి కాలేదు. కారు డిక్కీలో పట్టలేదు. వెనుక సీట్లో మా ఆవిడ పక్కన కూర్చుని, కిటికీలోంచి మెడ బయటికి పెట్టుకుని ఇంటిదాకా వచ్చింది. గేటు తీసిన వాచ్‌మన్ మమ్మల్ని చూడలేదు, దాన్నే చూశాడు.

"అయ్యో సార్, దీన్ని నిమజ్జనం రోజే పంపించేశాం కదా! మళ్లీ వచ్చిందేమిటి?"

"వలస పక్షి కదయ్యా" అంది మా ఆవిడ, ఖాళీ పులిహోర డబ్బా చేత్తో పట్టుకుని కారు దిగుతూ.