బార్సిలోనాలో మా ఎండీగారి ఊరేగింపు

మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే టెలిఫోన్ల మహాసభ 2006లో ఫ్రాన్స్‌లోని కాన్ నుంచి బార్సిలోనాకు తరలివచ్చింది. మొదట్లో అది మోంజుయిక్ కొండ కింద, 1929 నాటి అంతర్జాతీయ ప్రదర్శన కోసం వెలసిన పాత ప్రాంగణంలో జరిగేది. 2013లో ఫిరా గ్రాన్ వియా అనే కొత్త ప్రాంగణానికి మారింది. ఈ సంగతి టెలిఫోన్ల వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు, మా ఎండీగారికి తప్ప. ఆయన 2011లో ఒకసారి వెళ్లివచ్చినందువల్ల, బార్సిలోనా విషయంలో ఆయన మాటకు మా ఆఫీసులో తిరుగులేదు. "ప్లాసా ఎస్పాన్యా పక్కనే హోటల్ తీసుకోండి, నడిచిపోవచ్చు" అని ఆయన సెలవిచ్చారు, ఎదురు చెప్పి ఇంక్రిమెంటు పోగొట్టుకోవడం ఇష్టం లేక మేం తీసుకున్నాం. ఆ కూడలి ఉన్నది పాత ప్రాంగణం దగ్గర. అక్కడినుంచి నడిచివెళితే ఒక ఫౌంటెనూ ఒక మ్యూజియమూ వస్తాయి గానీ మహాసభ మాత్రం రాదు.

తెల్లవారాక విషయం గ్రహించిన ఎండీగారు టాక్సీ ఎక్కి వెళ్లిపోతూ, ఫ్లెక్సీని మెట్రోలో పట్టుకురమ్మని నాకు పురమాయించారు. దారి అడిగితే "ఫిరా అని వినపడగానే దిగిపో, అంతే" అన్నారు. ఎస్పాన్యా నుంచి వెళ్లే ఎల్8 రైల్లో ఫిరా అనే మాట వినపడే స్టేషన్ యూరోపా ఫిరా. అక్కడ రైలు మారి ఇంకొక్క స్టేషన్ వెళితే ఉత్త ఫిరా అనే మరో స్టేషన్ ఉంటుందనీ, మా స్టాలున్న 8వ హాలుకు అదే దగ్గరనీ ఆయన చెప్పలేదు. వినపడగానే దిగిపోయాను.

ఫ్లెక్సీ గురించి కొంత చెప్పక తప్పదు. స్టాలు కట్టే కాంట్రాక్టరు అక్కడే బ్యానరు ముద్రించి ఇవ్వడానికి ఎన్ని యూరోలు అవుతాయో రాసి పంపగా, ఎండీగారు దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని, ఆ డబ్బుతో చిక్కడపల్లి వీధి పొడవునా ఫ్లెక్సీలు కట్టించవచ్చని గర్జించి, హైదరాబాద్‌లోనే ఒకటి వేయించారు. వేసిన కుర్రవాడికి రాజకీయ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలలో చేయి తిరిగినట్టుంది. 4 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న ఆ ఫ్లెక్సీ మీద ఎండీగారు సూటు వేసుకుని, రెండు చేతులూ జోడించి, తల వెనక కిరణాలతో నిలువెత్తున వెలిగిపోతున్నారు. మా కంపెనీ తయారుచేసే పరికరానికి ఆయన మోచేతి పక్కన అగ్గిపెట్టెంత చోటు దొరికింది. పాదాల దగ్గర గుండ్రటి చట్రాలలో మేనేజర్ల ముఖాలు వరసగా ఉన్నాయి, వాటిలో కుడివైపు చివరిది నాది. ఈ మహాకృతిని చుట్టి, సంచి కొంటే దండగని రెండు రబ్బరు బ్యాండ్లు వేసి నా భుజాన పెట్టారు.

ఫిరా గ్రాన్ వియాకు జపాన్ వాస్తుశిల్పి టోయో ఇటో రూపమిచ్చారు. పేరు బార్సిలోనాదే అయినా, ఉన్నది పొరుగునున్న లోస్పితలేత్ పట్టణంలో. ప్రదర్శన స్థలమే 2 లక్షల 40 వేల చదరపు మీటర్లు. ఈ చివర 1వ హాలు, ఆ చివర 8వ హాలు, మధ్యలో పై అంతస్తు ఎత్తున హాళ్లన్నింటినీ కలుపుతూ పొడవైన నడవా. జనం కాళ్ల మీద జాలిపడి ఆ నడవాలో ట్రావెలేటర్లు, అంటే నిలబడితే చాలు మనిషిని ముందుకు మోసుకుపోయే కదిలే దారులు, కూడా పెట్టారు. లక్షమందికి పైగా వచ్చే సభలో తొలి ఉదయం ఆ నడవా ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నల్లసూట్ల వాళ్లందరూ మెడలో కార్డులు వేలాడేసుకుని ఒకే దిక్కుకు సాగుతున్నారు. కుడిభుజం మీద ఫ్లెక్సీ, ఎడమచేతిలో కరపత్రాల పెట్టెతో నేను వాళ్ల మధ్య ట్రావెలేటర్ ఎక్కాను.

మొదటి రబ్బరు బ్యాండు ఎప్పుడు తెగిందో తెలియదు. రెండోది తెగినప్పుడు మాత్రం చెవి పక్కన టప్పున చప్పుడైంది. ఫ్లెక్సీ భుజం మీదినుంచి జారి, నా ఎదుట పడి, తనంతట తాను విచ్చుకుంటూ ముందుకు దొర్లింది. ముందుగా కిరణాలు, తర్వాత నుదురు, కళ్లజోడు, రంగు వేసిన మీసం, జోడించిన చేతులు, అగ్గిపెట్టెంత పరికరం, కోటు గుండీలు, ప్యాంటు మడతలు, చివరకు మేనేజర్లతో సహా బూట్లు, ఇలా మా ఎండీగారు ఆపాదమస్తకం వెల్లకిలా పరుచుకున్నారు. పరుచుకుంటే పరుచుకున్నారు, అక్కడే ఉండిపోయినా నేను దాటిపోయేవాణ్ని. కానీ కింద నేల కదులుతోంది. నేనూ కదులుతున్నాను, ఆయనా కదులుతున్నారు, మా మధ్య దూరం మాత్రం జానెడు కూడా మారడం లేదు. ముందుకు అడుగు వేస్తే ఆయన నుదుటి మీద పడుతుంది, వెనక్కి వేస్తే ఎవరో జర్మన్ పెద్దమనిషి కాలి మీద పడుతుంది.

పెట్టె కింద పెట్టి ఫ్లెక్సీని లాగబోయాను. ఆ తొందరలో నా బూటు ఆయన నుదుటికి తగిలింది. కాలు తగిలితే వంగి చేత్తో తాకి కళ్లకద్దుకోవడం మనకు పాలతో పాటు పట్టిన అలవాటు. పుస్తకానికి చేస్తాం, పక్కన కూర్చున్నవాడికి చేస్తాం, ఇన్‌కమ్ టాక్స్ కాగితాలకు కూడా చేస్తాం. ఆ క్షణంలో మెదడుతో సంప్రదించకుండానే నా చేయి వెళ్లి ఎండీగారి నుదుటిని తాకి నా కళ్లకు అద్దింది. వెనక ఒక్కసారిగా నిశ్శబ్దం అలుముకుంది. కిందపడిన సామాను ఏరుకుంటున్న మనిషిని తొందరపెట్టవచ్చు గానీ, పూజలో ఉన్నవాణ్ని ఎవరు తొందరపెడతారు? జర్మన్ పెద్దమనిషి చరవాణి జేబులో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. పక్కన నడుస్తున్నవాళ్లు వేగం తగ్గించారు. ఎదురు ట్రావెలేటర్ మీద వస్తున్న ఒకావిడ, నమస్కరిస్తూ పోతున్న బొమ్మకు మర్యాదగా ప్రతినమస్కారం చేసింది. వెల్లకిలా పడుకున్న ఆయన, తల దగ్గర వంగిన నేను, వెనక మౌనంగా నల్లసూట్లు, అచ్చంగా అంతిమయాత్రలా ఉంది.

ట్రావెలేటర్ చివర పళ్లున్న లోహపు అంచు ఉంటుంది, దానిలో ఏదైనా ఇరుక్కుంటే యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. ఫ్లెక్సీ కింది అంచుకున్న ఇత్తడి రింగు అందులో దూరింది. దాని వెంట నా గుండ్రటి చట్రం దూరింది. నా ముఖం గడ్డం వరకూ లోపలికి పోయాక యంత్రం ఆగింది. జనమంతా ఒకరి మీద ఒకరు తూలారు. మేనేజర్లలో ఇంకెవరికీ ఏమీ కాలేదని ఇక్కడ మనవి చేస్తున్నాను.

తర్వాత పచ్చచొక్కాల సిబ్బంది వచ్చారు, ఏదో అన్నారు, కోశారు. మిగిలిన పదకొండున్నర అడుగుల ఎండీగారిని చంకలో పెట్టుకుని 8వ హాలుకు చేరాను. అక్కడ కాంట్రాక్టరు మనిషి ఫ్లెక్సీని గోటితో గీరి చూసి, నిప్పంటుకోదని ధ్రువపత్రం ఉందా అని అడిగాడు. చిక్కడపల్లిలో అటువంటిది ఇవ్వరు. అది లేనిదే కట్టనివ్వం అన్నాడు. ఈ నిబంధన మాకు పంపిన కాగితాల్లో ముందే ఉందట, ఆ కాగితాలు ఎండీగారి దగ్గరే ఉన్నాయట.

ఆయన నన్ను ఒక్క మాటే అడిగారు. "ఏమయ్యా, ముఖానికి ఏమీ కాలేదు కదా?"

"మీకు కాలేదు సార్" అన్నాను.

మధ్యాహ్నానికి మా స్టాలు ముందు జనం పోగయ్యారు. పరికరం గురించి ఒక్కరూ అడగలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఎండీగారిని ఎగాదిగా చూసి, కొంత ఆశ్చర్యపోయి, చేతులు జోడించి, ఆయన పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లారు. ఆయన కూడా కిరణాలొక్కటే తక్కువగా నమస్కరిస్తూ నిలబడ్డారు. సాయంత్రం నా భుజం తట్టి, "కట్టకుండానే ఇంత పనిచేసింది, చూశావా?" అన్నారు.

వచ్చే ఏడాదికి ఇరవై అడుగులది వేయిస్తున్నారు.