శిలీంధ్రాల పక్షాన ఒక విన్నపం

తెగులును పసిగట్టే మొక్కల ప్రొటీన్లను, అంటే రోగనిరోధక రిసెప్టర్లను, వెతికి, విప్పదీసి, మార్చి, మళ్లీ బిగించే శాస్త్రవేత్తలు ఈ మధ్య హద్దు మీరుతున్నారు. తెగులన్నాక దానికీ ఒక బతుకు, ఒక సంతానం, రుతువుకు కోట్లకొద్దీ స్పోర్లు (శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి) ఉంటాయన్న స్పృహ వాళ్ల పరిశోధన ప్రతిపాదనల్లో మచ్చుకైనా కనబడదు. అటువైపు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు గనుక ఈ వకాల్తా.

ఎనభై ఏళ్లుగా రెండు పక్షాల మధ్య మర్యాదైన ఒప్పందం ఒకటి నడుస్తోంది. 1940ల్లో హెచ్.హెచ్. ఫ్లోర్ అవిసె మొక్కనూ దాని కుంకుమ తెగులునూ పరిశీలించి దాని షరతులు తేల్చాడు: మొక్కలో ఒక నిరోధక జన్యువు (రిసెప్టర్‌ను తయారుచేసేది ఇదే), దానికి జోడీగా తెగులులో ఒక జన్యువు. రెండూ ఎదురుపడితేనే మొక్క గెలుపు. కాబట్టి మనిషి వంతుగా చేయాల్సింది ఒక్క రిసెప్టర్‌ను పట్టుకుని, తోడు లేకుండా ఒక మంచి వంగడంలోకి ఎక్కించి, లక్షల హెక్టార్లలో విత్తించడం. శిలీంధ్రం వంతుగా చేయాల్సింది ఆ రిసెప్టర్ పసిగట్టే ఒకే ఒక్క ప్రొటీన్‌ను మార్చుకోవడం, లేదా వదిలించుకోవడం. రై అనే ధాన్యం నుంచి గోధుమకు తెచ్చిన కాండపు కుంకుమ తెగులు నిరోధక జన్యువు ఎస్‌ఆర్31 విషయంలో ఇరుపక్షాలూ మాట తప్పలేదు. దేశదేశాల్లో గోధుమ వంగడాలకు దాన్ని ఎక్కించారు. 1998లో ఉగాండాలో కాండపు కుంకుమ తెగులు దాన్ని దాటింది. మరుసటి ఏడాది ఆ కొత్త రకానికి యూజీ99 అని నామకరణం కూడా అయింది. ఆ శిలీంధ్రం పుట్టుక చూస్తే ముచ్చటేస్తుంది. రెండు రకాల శిలీంధ్ర దారాలు అతుక్కుని, లైంగిక కలయిక ఊసే లేకుండా, కేంద్రకాన్ని మొత్తంగా ఇచ్చిపుచ్చుకున్నాయి. దానిలోని రెండు కేంద్రకాల్లో ఒకటి ఆఫ్రికాలో ముందునుంచీ ఉన్న మరో రకానిదేనని 2019లో జన్యుక్రమాలు తేల్చాయి. ఇంత చొరవ ఉన్న జీవిని శత్రువంటారా?

ఇక ఎదుటి పక్షం సామగ్రి. కణం పైపొర మీద కొన్ని రిసెప్టర్లు కాపలా ఉంటాయి. ఎఫ్‌ఎల్‌ఎస్2 అనేది బ్యాక్టీరియా తోక (కశాభం) ప్రొటీన్‌లో 22 అమైనో ఆమ్లాల ముక్కను పట్టేస్తుంది. కణం లోపల ఎన్‌ఎల్‌ఆర్‌లనే రెండో వరుస ఉంది. తెగులు లోనికి పంపే ఆయుధాల్లాంటి ప్రొటీన్లను, అంటే ఎఫెక్టర్లను, అవి నేరుగానో, ఆ ఎఫెక్టర్ పాడుచేసిన మొక్క ప్రొటీన్‌ను చూసో కనిపెడతాయి. ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే పిడికెడు మొక్కలోనే ఇవి సుమారు 150. గోధుమలోనైతే వేలల్లో. కనిపెట్టాక జరిగేదాన్ని 2019లో జార్1 అనే ఎన్‌ఎల్‌ఆర్ ఆకృతి బయటపెట్టింది. అయిదు అణువులు చక్రంగా కూడుకుని, మధ్యలో గరాటులాంటి మొన సాచి, కణపొరలో గుచ్చుకుంటాయి. ఆ రంధ్రం గుండా కాల్షియం లోపలికి వస్తుందని 2021లో రుజువైంది. తర్వాత కణం తనంతట తాను చస్తుంది. బతికున్న కణం మీదే బతికే శిలీంధ్రానికి ఇది కడుపు మీద కొట్టడమే.

కాబట్టి కొత్త రిసెప్టర్లు దొరక్కుండా చూడడం మన మొదటి బాధ్యత. మ్యూట్‌రెన్‌సెక్ అని 2016 నుంచి ఒక పద్ధతి వాడుకలో ఉంది. నిరోధకత ఉన్న గింజలను జన్యువుల్లో మార్పులు తెచ్చే ఈఎంఎస్ రసాయనంలో నానబెడతారు. రెండో తరంలో నిరోధకత పోయి తెగులు సోకిన మొక్కలను, అంటే మ్యూటెంట్లను, ఏరుతారు. ప్రోబ్‌లను ఎర వేసి ఎన్‌ఎల్‌ఆర్ ముక్కలను మాత్రమే పట్టి క్రమం చదువుతారు. ఏ జన్యువు అన్ని మ్యూటెంట్లలోనూ దెబ్బతిన్నదో అదే దొంగ. స్వతంత్రంగా పుట్టిన మ్యూటెంట్లు అయిదారు ఉంటే పని అయిపోతుంది. చెడగొట్టడం అంతకన్నా సులువు. ఒకే తొలితరం మొక్కకు పుట్టిన ఆరు పిల్లలను ఆరుగురు సాక్షులుగా లెక్కపెట్టండి. వాటన్నింటిలో ఉన్నది ఒకే మార్పు, అదీ సంబంధం లేని పక్క జన్యువులోది కావచ్చు. తెగులు సోకింది నిజమైన మ్యూటెంటుకా, వేరే సంచి నుంచి కలిసిన గింజకా అని డీఎన్‌ఏ గుర్తులతో సరిచూడకండి. నిరోధకతకు రిసెప్టర్లు జంటగా అవసరమైన చోట కొన్ని మ్యూటెంట్లలో ఒకటి, మిగతావాటిలో రెండోది విరిగి ఉంటుంది. అప్పుడు “అన్నింటిలోనూ విరిగిన జన్యువు ఏదీ లేదు” అని రాసి ఫైలు మూసేయండి. మ్యూటెంట్లను రెండు కుప్పలు చేసి చూద్దామన్నవాణ్ని మీటింగుకు పంపండి. అన్నట్టు, ఎన్‌ఎల్‌ఆర్‌లు ఒకదాని పక్కన ఒకటి నకళ్లుగా గుంపుకట్టి ఉంటాయి. పొట్టి రీడ్‌లతో, అంటే చిన్న ముక్కలుగా చదివిన క్రమంతో, కూర్చితే మూడు జన్యువులు కలిసి సృష్టిలో లేని నాలుగో జన్యువు తయారవుతుంది. దాని మీద రెండేళ్లు హాయిగా గడిచిపోతాయి.

ఒక బృందమైతే వెతుకులాటతో సరిపెట్టుకోక రకరకాల గడ్డిజాతుల నుంచి 995 ఎన్‌ఎల్‌ఆర్‌లను గోధుమలోకి ఎక్కించి చూసింది. వాటిలో 19 కాండపు కుంకుమ తెగులు మీద, 12 ఆకు కుంకుమ తెగులు మీద పనిచేశాయి. ఇలాంటి దౌర్జన్యం గురించి ఏం మాట్లాడతాం.

అసలు మేలు జరిగేది ప్రయోగశాల పరీక్షలో. నాలుగైదు వారాల నికోటియానా బెంథామియానా (పొగాకు బంధువు) మొక్క, సూది లేని 1 మిల్లీలీటర్ సిరంజి, ఆకు అడుగు నుంచి రిసెప్టర్, ఎఫెక్టర్ జన్యువులను ఎక్కించే ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా. ద్రావణంలో 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, పీహెచ్ 5.6 దగ్గర 10 మిల్లీమోలార్ ఎంఈఎస్, 150 నుంచి 200 మైక్రోమోలార్ ఎసిటోసిరింగోన్. ఒక్కో స్ట్రెయిన్ (ఒక్కో జన్యువును మోసే బ్యాక్టీరియా) ఓడీ, అంటే ద్రావణంలో దాని చిక్కదనం, 0.2 నుంచి 0.5. మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా ఆకు మీద కణాలు చచ్చిన మచ్చ కోసం చూడాలి. ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే: రిసెప్టర్‌ను ఎఫెక్టర్ లేకుండా విడిగా ఎక్కించే కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) పెట్టకండి. మీరు మార్చిన రిసెప్టర్ ఎవరూ తట్టకుండానే లేచి కణాన్ని చంపేస్తోందని ఆ ఒక్క మచ్చతో బయటపడిపోతుంది. జన్యువును జోరుగా పనిచేయించే 35ఎస్ ప్రమోటర్ ఉద్ధృతికి ఈ పిచ్చి మామూలుగా రెట్టింపవుతుంది, అది మనకు కలిసొచ్చేదే. మచ్చ రాకపోతే ప్రొటీన్ అసలు తయారైందా అని వెస్టర్న్ బ్లాట్ చేయకండి, “గుర్తుపట్టలేదు” అని తేల్చేయండి. ఒక మిశ్రమంలో రెండు స్ట్రెయిన్లు, పక్క మిశ్రమంలో మూడు ఉంటే ఏ జన్యువూ మోయని ఖాళీ వెక్టర్‌తో మొత్తం ఓడీని సమం చేయడం చాదస్తం. ఒక నమూనాను లేత ఆకులో, పోల్చాల్సినదాన్ని ముదురాకులో వేస్తే ఏ ఫలితం కావాలంటే అది. మచ్చ వచ్చిందా, వెంటనే “తెగులు నిరోధకత సాధించాం” అని ప్రకటించండి. కణం చావు వేరు, తెగులు ఆగడం వేరు. బంగాళాదుంపలోని ఆర్‌ఎక్స్ రిసెప్టర్ సాధారణంగా మచ్చే పడకుండా వైరస్‌ను ఆపుతుంది. ఇవన్నీ పత్రికా ప్రకటనలో పట్టే వివరాలు కావు.

రిసెప్టర్లను మలిచేవాళ్ల మీద ఫిర్యాదు ఇంకా పెద్దది. వరిలో పిక్-1 అనే ఎన్‌ఎల్‌ఆర్ నడుమ హెచ్ఎంఏ అనే చిన్న భాగం ఉంది. అగ్గితెగులు శిలీంధ్రపు ఏవీఆర్-పిక్ ఎఫెక్టర్ దానికి అతుక్కుని దొరికిపోతుంది. శిలీంధ్రం శ్రమపడి ఆ ఎఫెక్టర్‌కు రకరకాల రూపాలు తయారుచేసుకుంటే, 2019లో హెచ్ఎంఏలో రెండే అమైనో ఆమ్లాలు మార్చి అంతకుముందు తప్పించుకున్న రూపాలను కూడా పట్టించారు. 2023లో ఏకంగా హెచ్ఎంఏను పీకేసి ఒంటె జాతి జంతువుల యాంటీబాడీ ముక్కను అమర్చారు. అది గుర్తుపట్టింది మాత్రం జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చ మెరుపు ప్రొటీన్‌ను. పొలాల మీద జెల్లీఫిష్‌లు దండెత్తినప్పుడు దీని విలువ అందరికీ తెలుస్తుంది. అంతవరకు భయం లేదనుకోవడం మాత్రం పొరపాటే. యాంటీబాడీని దేనికి కావాలంటే దానికి పుట్టించవచ్చు, అదే కొంప ముంచే సంగతి. ఊరట ఏమిటంటే, ఎఫెక్టర్‌కు గట్టిగా అతుక్కున్నంత మాత్రాన రిసెప్టర్ నిద్రలేవదు. లేచినా ఒక్కోసారి మళ్లీ పడుకోదు, మొక్క గిడసబారిపోతుంది. బాగా పనిచేసేదానికీ ఖర్చుంటుంది. అరబిడాప్సిస్‌లో ఆర్‌పీఎం1 అనే ఎన్‌ఎల్‌ఆర్ ఒక్కటి ఉంటేనే, తెగులు లేనప్పుడు, గింజలు 9 శాతం తగ్గాయి. ఇక 28 డిగ్రీలు దాటితే పొగాకు మొజాయిక్ వైరస్ మీద ఎన్ అనే నిరోధక జన్యువు చేతులెత్తేస్తుంది. అందుకే పరీక్షలన్నీ 22 డిగ్రీల గదిలో చేసి, విత్తనాన్ని ఎండకు అప్పగించండి.

కంచే చేను మేసిన ఘట్టం కూడా మన పక్షాన రికార్డులో ఉంది. 1940ల్లో అమెరికాలో ఓట్స్‌కు కుంకుమ తెగులు రాకుండా విక్టోరియా రకం నుంచి పీసీ-2 జన్యువు తెచ్చారు. కొన్నేళ్లకే కణాలను చంపి తినే మరో శిలీంధ్రం విక్టోరిన్ అనే విషంతో వచ్చి, సరిగ్గా ఆ జన్యువున్న మొక్కలనే పడగొట్టింది. అరబిడాప్సిస్‌లో విక్టోరిన్‌కు మొక్కను బలిచేసేది ఎల్‌ఓవీ1 అనే ఎన్‌ఎల్‌ఆరే. కాపలావాడి ఆత్మాహుతిని భోజనంగా మార్చుకున్న ఈ ప్రతిభకు తగిన గుర్తింపు ఇంతవరకు రాలేదు.

చివరిగా అసలు వినతి. 2021లో ఎస్‌ఆర్22, 35, 45, 50, 55లను ఒకే క్రోమోజోము చోట పక్కపక్కన పేర్చి గోధుమలో పెట్టారు. కాండపు కుంకుమ తెగులు దాదాపు కాలు మోపలేకపోయింది. వీటిలో నాలుగు ఎన్‌ఎల్‌ఆర్‌లు, అయిదోది చక్కెరను మోసే ప్రొటీన్. ఒక్కో ఎఫెక్టర్‌ను తప్పించుకునే అవకాశం స్పోరుకు పది లక్షల్లో ఒకటి అనుకుంటే, నాలుగింటినీ ఒకేసారి తప్పించుకోవడానికి ఒకటి పక్కన 24 సున్నాలన్ని స్పోర్లు కావాలి. ఇది పోటీ కాదు, కక్ష. జన్యువులు ఒకేచోట అతుక్కుని ఉన్నందున సంకరం చేసినా విడిపోవు, ఆ ఆశా లేదు.

అయినా దారి ఉంది. ఆ కట్ట జన్యుమార్పిడి పంట కాబట్టి దాని ఫైలు అనుమతుల బల్లల మీద తిరుగుతూ ఉంటుంది. ఈలోగా అవే జన్యువులను మామూలు సంకరంతో విడివిడిగా, ఒక్కో వంగడంలో ఒక్కొక్కటి చొప్పున, పక్క పక్క పొలాలకు వదలండి. ఒక ఏడాది ఎస్‌ఆర్35ను దాటిన స్పోరు, ఇంకో ఏడాది ఎస్‌ఆర్22ను దాటుతుంది. ఇరవై నాలుగు సున్నాలు ఒక్కో మెట్టుకు ఆరు చొప్పున కరిగిపోతాయి. కట్టకు అనుమతి వచ్చేసరికి శిలీంధ్రం అన్ని పరీక్షలూ పాసై సిద్ధంగా ఉంటుంది. ఏ వంగడంలో ఏ జన్యువు ఉందో విత్తన సంచి మీద మాత్రం రాయకండి.