తడి పంచె సంగతి చెప్పాలా, వద్దా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పెంకుటిల్లు. 78 ఏళ్ల తండ్రికి పక్షవాతం వచ్చింది. బరంపురం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి పది రోజులైంది. ఇళ్లకు నర్సులను పంపే సంస్థ నుంచి రేపు ఉదయం ఒకామె మొదటిసారి మాట్లాడటానికి వస్తోంది. తండ్రి లోపల నిద్రపోతున్నాడని వసారాలో ఉన్న ఇద్దరి నమ్మకం.

చెల్లెలు: ఏ మందు ఎప్పుడు, తిండికి ముందా తరవాతా, అన్నీ ఈ నోటుబుక్కులో రాశాను అన్నయ్యా. వారం రోజుల బీపీ, షుగరు అంకెలూ ఉన్నాయి. నీళ్లు తాగితే పొలమారుతోందని, రాత్రి ఒక్కరే లేచి పడబోయారని రాశాను. పంచె తడుపుతున్నారని కూడా.

అన్న: ఆ ఒక్కటీ కొట్టెయ్. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషి. ఆ పంచెను ఎడమచేత్తో చుట్టి, మనకు కనబడకుండా ట్రంకుపెట్టె వెనక దాస్తున్నారు. ఆయన దాచుకున్నది నువ్వు ముక్కూ మొహం తెలియని మనిషికి చదివి వినిపిస్తావా?

(అన్న మాటలో న్యాయం ఉంది. చెల్లెలికీ తెలుసు, అందుకే గొంతు పెంచింది.)

చెల్లెలు: నడుం కింద కందింది, చూశావా? వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోవడం లేదు. తడిలోనే పడుకుంటే అది పుండవుతుంది. అప్పుడు పరువు కాపాడినట్టా?

అన్న: ఇవన్నీ చెబితే రేటు పెంచుతారు.

చెల్లెలు: చెప్పకపోతే వచ్చిన మనిషి మూడో రోజు సంచి సర్దుకుంటుంది. అసలు వచ్చేది నర్సా, ఆయానా? ఆమె రాని రోజు బదులు ఎవరు? అడగాల్సినవి అవి.

అన్న: డెబ్బై దాటినవాళ్లకు ఆయుష్మాన్ కార్డు మీద 5 లక్షలు ఇస్తున్నారుగా!

చెల్లెలు: ఆసుపత్రిలో చేరితే అన్నయ్యా. ఇంటికి వచ్చాక 15 రోజుల దాకా మందులూ పరీక్షలూ చూస్తారు. ఇంట్లో పెట్టుకునే మనిషి జీతం మనదే.

అన్న: సరే. మరి నీ పుస్తకంలో భాష గురించి ఒక్క ముక్క లేదేం? నాన్నకు ఒడియా మనకంటే బాగా వచ్చు. కానీ జబ్బు చేసినప్పటి నుంచి అర్ధరాత్రి లేస్తే తెలుగు తప్ప నోట రావడం లేదు. నీళ్లడిగితే ఆమెకు అర్థం కావాలా, వద్దా?

చెల్లెలు: 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. ఇక్కడ తెలుగు రానిది ఎవరికి?

అన్న: మనిషిని ఈ ఊరి నుంచే పంపుతారని నీకెవరు చెప్పారు?

(చెల్లెలు మారుమాట్లాడకుండా రాసుకుంది. వాదంలో ఈ గెలుపు అన్నయ్యది.)

అన్న: ఇంకొకటి. ఇదంతా మనిద్దరమే తేల్చేస్తున్నాం. ఆయన్ని అడిగామా?

చెల్లెలు: అడిగితే అసలు ఎవరూ వద్దంటారు.

అన్న: అననీ. అన్నాక మాట్లాడదాం.

లోపలి నుంచి మంచం కిర్రుమంది. "ఆ పుస్తకం ఇలా తెండి. కళ్లజోడు కూడా." మాట ముద్దగా వచ్చినా ఇద్దరికీ అర్థమైంది. చెల్లెలు పేజీ తెరిచి పట్టుకుంది. ఆయన వేలు ఒక్కో వరుసా దిగుతూ వచ్చి, పంచె దగ్గర ఆగింది. అన్న కిటికీ వైపు తిరిగాడు.

"రాత్రికి రెండుసార్లని రాశావు," అన్నాడు తండ్రి. "మూడుసార్లు."