గొంతువాపు టీకా మీద తిరుగుతున్న ఆ వాయిస్ మెసేజ్

బెంగళూరు దగ్గర హోస్కోట, ఎలహంక పక్కల గేదెలు పెట్టుకున్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. వానల్లో గేదెలకొచ్చే గొంతువాపుకి, అదే గురకజబ్బుకి, టీకా వేయిస్తే పాలు ఎండిపోతాయట, చూడి గేదె ఈసుకుపోతుందట, అంటే కడుపు పోతుందట, వేయించినా చచ్చేవి చస్తూనే ఉన్నాయట. జబ్బొస్తే ఇంజెక్షన్ ఉండనే ఉంది కదా అని చివర్లో ఒక ధైర్యం కూడా.

పాలు తగ్గుతాయి, నిజమే. సూది పడ్డాక ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, పొడిచిన చోట బుడిపె కడుతుంది, మేత తగ్గుతుంది. రెండు మూడు రోజుల్లో మళ్లీ మామూలే. అపార్ట్‌మెంట్లకు వాడుక పోసేవాళ్లకు ఆ రెండు రోజులూ ఇబ్బందే, కాదనను. ముందే చెప్పుకుంటే సరిపోతుంది.

ఈసుకుపోవడం అన్న మాట వేరే టీకాది. చూడి పశువుల కడుపు పోగొట్టే బ్రూసెల్లా జబ్బుకి వేసే టీకాలో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది. అందుకే దాన్ని 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకే, జన్మలో ఒక్కసారి వేస్తారు. చూడివాటికి వేయకూడదు. గొంతువాపు టీకాలో ఉండేది చచ్చిన సూక్ష్మజీవి. అయితే నెలలు నిండినదాన్ని బలవంతంగా లాగి కట్టేసి పొడవడం మంచిది కాదు, దాని సంగతి డాక్టరుకే వదలండి.

ఇక, వేయించినా చచ్చిందన్న మాట. ఇది అబద్ధమని కొట్టిపారేయలేం, కానీ ఎప్పుడు వేయించారో, ఏది వేయించారో అడగాలి. పక్క పాకలో గురక వినబడ్డాక పరుగెత్తి వేయిస్తే లాభం తక్కువ, ఒంట్లో శక్తి పుట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పటిక కలిపిన టీకా బలం 4 నుంచి 6 నెలలు, నూనె టీకాది 9 నుంచి 12 నెలలు. పోయినేడు ఎప్పుడో వేయించింది ఈ వానలకు కాపాడుతుందా? సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. భద్రంగా ఉంటుందని ఫ్రీజర్లో గడ్డకట్టిస్తే దాని బలం పోయినట్టే. పైగా తొడ వాచి, ఒత్తితే వాపు కరకరమన్న గేదె చచ్చింది జబ్బవాపుతో, గొంతువాపుతో కాదు. కన్నడం వాళ్లు గొంతువాపుని గళలె అంటారు, జబ్బవాపుని చప్పె అంటారు. రోగాలు రెండు, టీకాలూ రెండు. ఒకదాని టీకా ఇంకోదాన్ని ఆపదు.

దూడల సంగతీ చెప్పాలి. గేదె కడుపులో ఉండగా దూడకి తల్లి నుంచి రక్షణ అందదు, అదంతా ముర్రుపాలతోనే వస్తుంది. అదీ పుట్టిన మొదటి గంటల్లో తాగితేనే, ఒక రోజు దాటితే పేగు దాన్ని పీల్చుకోదు. జున్నుకు మంచి ధర పలుకుతుందని దూడ నోరు కట్టేసేవాళ్లు, ఆ దూడ చస్తే తల్లికి వేయించిన టీకాను తిట్టడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంజెక్షన్ మాటకొస్తే, జ్వరం 104 దాటిన తొలి గంటల్లోనే మందు పడితే బతికించొచ్చు. గొంతు వాచి గురక మొదలయ్యాక మందు సూక్ష్మజీవిని చంపుతుంది గానీ, అప్పటికే ఒళ్లంతా పాకిన విషాన్ని ఆపలేదు. చాలా గేదెలు ఒక్క రోజులోనే పోతాయి. రాత్రి పాకలో పడుకున్న గేదెకి జ్వరమొచ్చిందని మనకి తెలిసేది తెల్లారి పాలు పిండబోయినప్పుడే.