‘తగ్గిపోనాదిలే’ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ‘తగ్గిపోనాదిలే’ గారికి,

విజయనగరం నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ 31 పళ్ళు క్షేమం. ముప్పై రెండోది, అంటే కింద కుడివైపు పెద్ద దవడపన్ను, ప్రాణం పోయినా నిలబడే ఉంది. అదంతా మీ చలవే కాబట్టి ఈ ఉత్తరం.

మనం మొదటిసారి కలిసింది ఎక్కడో మీకు గుర్తుందో లేదో, నాకు బాగా గుర్తు. మూడేళ్ళ కిందట పైడితల్లమ్మ జాతర, తొలేళ్ళు అంటే సిరిమాను ఊరేగింపుకి ముందురోజు సాయంత్రం, మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి కాగితం పొట్లంలోంచి బెల్లం జీళ్ళు తింటున్నాను. జీడి సంగతి తెలిసిందే కదా, నమిలినకొద్దీ దవడపన్ను గాట్లలోకి దిగి అక్కడే బస చేస్తుంది, నాలుకతో ఎంత తోడినా రాదు. పైన ఓ గుక్క చల్లటి నీళ్ళు తాగానో లేదో, చెవి దాకా జివ్వుమంది. చెంప పట్టుకుని కళ్ళు మూసుకున్నాను, తెరిచేసరికి ఏమీ లేదు. పక్కనున్న మా అమ్మ "ఏటైందిరా?" అంది. నోరు తెరిచాను, మీరు బయటికొచ్చారు. "ఏటీ లేదమ్మా, తగ్గిపోనాదిలే."

ఆ మాటతో ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మందు లేదు, ఖర్చు లేదు, సెలవు పెట్టక్కర్లేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, పంటి పైపొరకి నరాలుండవట. పుచ్చు ఆ పొర తవ్వుతున్నంతకాలం మనకి కబురే అందదు. చల్లనీళ్ళకి జివ్వుమందంటే పైపొర దాటి లోపలి మెత్తటి పొరలోకి పని వెళ్ళిందన్నమాట. ఆ వారమే వెళ్ళి ఉంటే పుచ్చినంత మేర గీకేసి, పంటి రంగు సిమెంటు లాంటిది పెట్టి, నీలం లైటు చూపించి గట్టిపరిచి పంపేవారు, అరగంట పని. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారని మిమ్మల్ని అనడం లేదు, గొడ్డలి పట్టుకుని నిలబడింది నేనే.

మీ బంధువర్గం కూడా తక్కువేం కాదు. ముందు లవంగం వచ్చింది. పాపం దాని తప్పు లేదు, అందులో ఉండే యూజినాల్ నిజంగానే నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, డెంటిస్టులు తాత్కాలికంగా పెట్టే సిమెంటులోనూ దాన్ని వాడతారు. కానీ నేను లవంగనూనెలో దూది ముంచి రాత్రంతా కుక్కుకున్నాను, తెల్లారేసరికి చిగురు తెల్లగా కాలిపోయి ఉంది, పుచ్చు ఎక్కడిదక్కడే ఉంది. ఆ తర్వాత మా మావయ్య పురుగు సిద్ధాంతం తెచ్చాడు. పంట్లో పురుగుంటుంది, వాకుడు గింజలు నిప్పుల మీద వేసి పొగ పడితే రాలిపోతుంది అని. పంట్లో పురుగు గిరుగు లేదని 1728లోనే పియెర్ ఫోషార్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు రాసి పెట్టాడు, మా మావయ్యకి మాత్రం ఆ కబురు ఇంకా చేరలేదు. ఇక మా నాయనమ్మ అయితే పంటినొప్పికే అడ్డచుట్ట మొదలుపెట్టింది. నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ మన సిక్కోలు తీరంలో ముసలమ్మలకి ఎంత మామూలో మీకు తెలుసు, అంగిట్లో కేన్సర్ తెచ్చేది అదే అని డాక్టర్లు మన పక్కకొచ్చి పరిశోధనలు చేసి చెప్పినా మాననివాళ్ళు ఎందరో. "పొగేస్తే సలుపు తగ్గిపోద్ది" అనేది ఆవిడ. మీ పేరే, కాస్త యాస తేడా.

ఆఖరున నొప్పి బిళ్ళలు. మందుల షాపులో చెంప చూపిస్తే చాలు, చీటీ లేకుండానే రెండు చేతిలో పెడతారు. మా అమ్మ పుట్టిల్లు కవిటి దగ్గర. ఉద్దానంలో కిడ్నీలు పోయి డయాలసిస్‌కి తిరిగేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణి, అక్కడ రోగానికి కారణం ఏదైనా గానీ, అయినదానికీ కానిదానికీ నొప్పి బిళ్ళలు మింగితే కిడ్నీలకి చేటని తెలిసినవాణ్ణి, అయినా నెలకో అట్ట మింగేశాను. అప్పుడు కూడా మీరే భుజం తట్టారు.

మధ్యలో నా టీల సంగతొకటి ఉంది, అది మీతో కలిసి చేసిన పాపం. నోట్లో సూక్ష్మజీవులు చక్కెర తిని యాసిడ్ వదులుతాయి, నోటిలో పులుపుని కొలిచే పీహెచ్ అంకె (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట) 5.5 కిందికి దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది, ఆ పులుపుని లాలాజలం మళ్ళీ విరిచెయ్యడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అంటే ఎంత తీపి తిన్నాం అన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాం అన్నదే ముఖ్యం. నేను గంటస్తంభం దగ్గర ఆఫీసులో పొద్దున్నించి సాయంత్రం దాకా ఆరు టీలు, అవీ ఫైలు చూస్తూ ఒక్కొక్క గుక్క చొప్పున అరగంటేసి తాగే రకం. నా పళ్ళకి తేరుకునే వేళే లేదు. అదేదో అన్నం తిన్నాక ఒకేసారి రెండు జిలేబీలు తిని నోరు పుక్కిలించుకుంటే ఇంతకన్నా నయమట. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది, జిలేబీల వైపు నుంచైనా.

సరే, మీ ఘనకార్యానికి వస్తాను. కిందటేడు వేసవిలో పది రాత్రులు నిద్ర లేదు. కూర్చుంటే కాస్త నయం, తల దిండు మీద పెడితే గుండె పన్నులోకి దిగి కొట్టుకున్నట్టు ఉండేది. పదకొండో రోజు పొద్దున్న లేచేసరికి నొప్పి మాయం. వేడి టీ తాగాను, ఏమీ లేదు. ఐసు నీళ్ళు తాగాను, ఏమీ లేదు. ఇంటిల్లిపాదికీ చెప్పాను, అమ్మవారికి కొబ్బరికాయ కూడా కొట్టాను. తగ్గిపోనాది!

తగ్గలేదు స్వామీ, చచ్చిపోయింది. లోపల నరం చచ్చిపోయింది, ఇక నొప్పి అని చెప్పడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. ఊళ్ళో ఇల్లు కాలుతుంటే అరిచే మనిషిని ముందు మంట మింగేసినట్టు. నేనేమో నిశ్శబ్దం చూసి మంట ఆరిందనుకున్నాను, మీరేమో పక్కన కూర్చుని తల ఊపారు.

ఆ నిశ్శబ్దం నాలుగు నెలలు నడిచింది. సరిగ్గా సిరిమాను రోజు పొద్దున్నే చెంప బూరెలా పొంగింది, నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోవడం లేదు. ఊరంతా సిరిమాను చూడ్డానికి కోట వైపు నడుస్తుంటే నేను తువ్వాలు చుట్టుకుని ఎదురు దిశలో పళ్ళ డాక్టర్ల తలుపులు తడుతున్నాను. అన్నీ మూసే ఉన్నాయి, జాతర కదా. మర్నాడు దొరికిన డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి స్క్రీన్ మీద చూపించింది, వేరు కొసన గోళీ అంత నల్లటి మచ్చ. "యాంటీబయాటిక్ వేస్తే వాపు తగ్గుద్దండి, కానీ చీము పుట్టే చోటు పన్నులో ఉంది, అది శుభ్రం చెయ్యకపోతే మళ్ళీ వస్తుంది" అంది. ఆ "తగ్గుద్దండి" దగ్గర నా మొహం వెలిగిపోవడం ఆవిడ చూసినట్టుంది, అందుకే రెండో సగం కాస్త గట్టిగా చెప్పింది.

ఆ శుభ్రం చేసే పనే రూట్ కెనాల్. అదంటే ఏదో అనుకున్నాను గానీ, మత్తు సూది తప్ప మిగతాదంతా చప్పుడే. చేతివేళ్ళ మధ్య తిప్పే సన్నటి తీగల్లాంటి ఫైళ్ళు, రంగురంగుల పిడులతో, ఒకటి తర్వాత ఒకటి. నా పన్నుకి మూడు కాలవలున్నాయట. బట్టలకి వాడే బ్లీచింగ్ రకం ద్రావణంతోనే కడిగారు, వాసన పట్టేశాను. చివర్లో కాలవల నిండా గట్టా పెర్చా అనే చెట్టుపాల సరుకు కూరారు. మూడు సార్లు తిరిగాను. ఎంతయిందో ఇక్కడ రాయను, మా ఆవిడ కూడా చదువుతుంది.

అక్కడే ఇంకొకటి జరిగింది. మా ఏడేళ్ళవాణ్ణి వెంట తీసుకెళ్తే వాడి నోరూ చూసిందావిడ. వెనకాల కొత్తగా వచ్చిన పన్ను మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార. "పాలపన్నేగా, ఊడిపోద్దిలే" అంది మా అమ్మ, ఆ మాట మీ చెల్లెలు అనుకుంటా. కాదట. ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ళ వెనక వచ్చే ఆ దవడపన్ను జీవితాంతం ఉండాల్సింది, నేను చంపుకున్నదీ అదే. తెల్లచార దశలో ఇంకా గుంట పడలేదు కాబట్టి ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమితే వెనక్కి మళ్ళవచ్చట, బఠాణీ గింజంత పేస్టు, తోమాక ఉమ్మెయ్యడమే, నీళ్ళతో పుక్కిలించకూడదు. రెండోవైపు పన్ను గాట్లలో సీలెంట్ అని ఓ పూత పూసింది. ముఖ్యంగా రాత్రి తోమాక ఇంకేమీ తినకూడదట. ఇప్పుడు వాడు రాత్రి తొమ్మిదింటికి నన్ను లాక్కెళ్ళి అద్దం ముందు నిలబెడుతున్నాడు.

ఇక అసలు విషయం. నరం తీసిన పన్ను బలహీనంగా ఉంటుంది, క్యాప్ వెయ్యకపోతే ఏ పలాస జీడిపప్పు కొరికినప్పుడో నిలువునా చీలొచ్చు, అప్పుడిక పీకడమే అని డాక్టరమ్మ చెప్పింది. కొలతలకి శుక్రవారం రమ్మంది. ఆ శుక్రవారం ఆఫీసులో ఆడిట్. తర్వాతి శుక్రవారం వాన. నిన్న రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ "క్యాప్ ఎప్పుడు?" అంది. నొప్పి అయితే లేదు కదా అనుకుంటూ నోరు తెరిచాను, నాలుక చివర మీరు చెప్పులు వేసుకుని రెడీగా నిలబడి ఉన్నారు. నేను అనేలోపే ఆవిడ ఫోన్ తీసి రేపు పదిన్నరకి టైమ్ తీసుకుంది.

మీరు రాకండి.

ఇట్లు,
ఎడమవైపే నములుతున్న
మీ పాత స్నేహితుడు