గోధుమకు వడదెబ్బ: మందు జన్యువులోనా, క్యాలెండర్‌లోనా?

2022 మార్చి గుర్తుందా? 1901 నుంచి ఉన్న లెక్కల్లో, దేశం మొత్తమ్మీద పగటి ఎండ అంత మండిన మార్చి అప్పటిదాకా లేదు. పంజాబ్, హర్యానాల్లో గోధుమ సరిగ్గా గింజ పాలు పోసుకునే సమయమది. పాలు గట్టిపడకముందే వేడిగాలి కొట్టింది. కోతకొచ్చాక చూస్తే కంకిలో గింజ ఉంది, గింజలో పిండి లేదు. 11.1 కోట్ల టన్నులు దాటుతుందన్న దిగుబడి అంచనాను కేంద్రం తగ్గించుకుంది. మే 13న ఎగుమతులు ఆపేసింది. ప్రపంచానికే తిండి పెడతామన్న మాటలు అంతకు నెల ముందే విన్నాం.

ఇలాంటి ఏడాది వచ్చినప్పుడల్లా ‘వేడిని తట్టుకునే జన్యువు దొరికింది’ అనే వార్త ఒకటి కనిపిస్తుంది. అబద్ధమేమీ కాదు. కథ 1962 నాటిది. ఇటలీలో ఫెరుచ్చో రిటోసా అనే శాస్త్రవేత్త పండ్ల ఈగ క్రోమోజోములను పరిశీలిస్తుండగా, ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. క్రోమోజోముల మీద అంతకుముందు లేని చోట ఉబ్బులు కనిపించాయి. వేడి తగలగానే కొన్ని జన్యువులు నిద్రలేస్తాయని అలా బయటపడింది. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గడ్డకట్టినట్టే, ఎండకు మొక్క కణాల్లోని ప్రొటీన్లు మడత చెడి ఉండలు కడతాయి. ఆ జన్యువులు తయారుచేసే హీట్ షాక్ ప్రొటీన్లు వాటిని కాపాడతాయి. వాటిలో హెచ్ఎస్‌పీ 101 అనేది కట్టిన ఉండలను కూడా విడదీస్తుంది.

మరి ఆ జన్యువులనే ఎప్పుడూ మేల్కొని ఉండేలా చేస్తే? చాలా ప్రయోగాల్లో మొక్క గిడసబారింది. పైగా గోధుమలో మూడు జన్యు సముదాయాలున్నాయి. 2018లో పూర్తయిన జన్యుపటంలో లెక్కతేలిన జన్యువులు 1,07,891. ఒకే జన్యువుకు చాలాసార్లు మూడు నకళ్లుంటాయి. ఒకదాన్ని మారిస్తే మిగతా రెండూ పాత పనే చేస్తుంటాయి.

నాకున్న అసలు అభ్యంతరం వేరే. కుండీలో మొలకను కొన్ని గంటలు మండే వేడిలో పెట్టి, బతికిందా లేదా అని చూస్తారు. రైతు నష్టపోయేది మొక్క చచ్చి కాదు. మొక్క పచ్చగానే ఉంటుంది. గింజలో పిండిపదార్థం కూర్చే ఎంజైమ్ వేడికి మందగిస్తుంది, గింజ నిండాల్సిన రోజులు తగ్గిపోతాయి. తూకం అక్కడ పోతుంది.

అందుకే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన హెచ్‌డీ 3385 గోధుమ రకం నాకు తెలివైన పనిగా కనిపిస్తుంది. మామూలు గోధుమను అక్టోబర్‌లోనే విత్తితే, అప్పటి వెచ్చదనానికి తొందరపడి ముందే కంకి వేస్తుంది. ఈ రకం కొంత చలి చూశాకే పూతకు సిద్ధపడుతుంది. కాబట్టి ముందే విత్తుకోవచ్చు, మార్చి ఎండ ముదిరేసరికి గింజ చాలావరకు నిండిపోతుంది. వేడి సమస్యకు జవాబు చలిని లెక్కపెట్టుకునే జన్యువుల్లో దొరికిందన్నమాట!

అయితే అక్టోబర్‌లో పొలం ఖాళీ ఉండాలిగా. భూగర్భజలాలు కాపాడేందుకు 2009లో తెచ్చిన చట్టంతో పంజాబ్‌లో వరి నాట్లు జూన్‌కు జరిగాయి, కోతలూ వెనక్కిపోయాయి. ఆ చిక్కుముడిని ఏ ల్యాబూ విప్పలేదు.

వరిదీ ఇదే తీరు. పువ్వు విచ్చుకునే ఆ గంట, రెండు గంటల్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, తూర్పారబట్టినప్పుడు తాలు ఎగురుతుంది. దీనికి ఒక అడవి వరి నుంచి పొద్దున్నే పూసే గుణాన్ని సాగు వరిలోకి తెచ్చారు. ఎండతో కొట్లాట ఎందుకు, అది రాకముందే పని కానిచ్చేస్తే సరి! పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి వచ్చిన జేజీ 14 శనగ మాత్రం ఆలస్యంగా విత్తినా ఎండకు ఓర్చుకునే రకం. అలాంటివీ కావాలి, కాదనను.

2021-22లో బాయిల్డ్ రైస్ (ఉప్పుడు బియ్యం) కొనుగోలు మీద కేంద్రానికీ తెలంగాణకూ జరిగిన గొడవ వెనకా ఎండే ఉంది. ఏప్రిల్ వేడికి పండిన యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ, అందుకే ఉడికించి ఆడిస్తారు. యాసంగి నాట్లు ముందుకు జరగాలంటే వానాకాలం పంట ముందే ఇంటికి చేరాలి, దానికి కాలువల్లో నీళ్లు ఇంకా ముందే వదలాలి.